వైరుకూ ఒక కుదురు కావాలి



వచ్చే ఆదివారం కమిటీలో ఉగాది బహుమతుల సంగతి తేల్చబోతున్నారు. డెబ్బై దాటిన సభ్యులకు ఈసారి శాలువా, పళ్ళెం కాకుండా ఇంట్లో పనికొచ్చేది ఇద్దామని, చేత్తో పట్టుకొని వాడే హ్యాండ్ బ్లెండర్ అయితే బాగుంటుందని అనుకున్నారు. మంచి ఆలోచన. పళ్ళు లేనివాళ్ళు పప్పు మెదుపుకోవచ్చు, రసానికి టమోటా నలుపుకోవచ్చు, మజ్జిగ చిలుక్కోవచ్చు. బరువైన మిక్సీ ఎత్తి దించే పని ఉండదు. దాంతోపాటు మన కుట్టు క్లాసుకు రెండు ఇస్త్రీ పెట్టెలు కూడా కొంటారట. మూడు కంపెనీల పేర్లు రాసి, ధర, వాట్లు, గ్యారంటీ అని మూడు కాలమ్‌లు గీసిన పట్టిక గ్రూపులో పెట్టారు. నాలుగో కాలమ్ ఒకటి గీయమని అడగడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. వాడి అయిపోయాక వైరు ఎక్కడ పెట్టాలి? ఆ కాలమ్‌లో రాయాల్సింది అదే.

"ఇదీ ఒక విషయమా మామా, రబ్బరు బ్యాండు వేస్తే సరిపోదా" అని ఒక తమ్ముడు అప్పుడే అడిగేశాడు. విషయమే తమ్ముడూ. ఆ బ్లెండర్ రోజుకు రెండు మూడు నిమిషాలు తిరుగుతుంది. మిగతా రోజంతా వైరుతో సహా ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. చేసినవాళ్ళు ఆ రెండు మూడు నిమిషాల గురించే ఆలోచించారు. డబ్బా మీద బొమ్మ చూడు. గిన్నె ఉంటుంది, పళ్ళముక్కలు ఉంటాయి, నవ్వే అమ్మాయి ఉంటుంది. వైరు మాత్రం ఉండదు, ఉన్నా వెనక్కి పోయి మాయమవుతుంది. బొమ్మలో లేని ఆ వైరు మన ఇంటికొచ్చేసరికి గజమున్నర పొడుగు ఉంటుంది.

మన ముందువాళ్ళు వస్తువు చేసేటప్పుడే దాన్ని దించి పెట్టే చోటు కూడా ఆలోచించారు. కుండ అడుగు గుండ్రం, నేల మీద నిలవదు. అందుకని గడ్డితోనో పీచుతోనో కుదురు చుట్టారు. నీళ్ళకడవ నెత్తిన పెట్టుకోవాలంటే గుడ్డతో చుట్టకుదురు. ఈ హ్యాండ్ బ్లెండర్‌కు అవ్వ వరుస కవ్వం. దానికీ తాడు ఉండేది. చల్ల చిలికాక తాడు విప్పి, కవ్వం కడిగి, రెండింటినీ స్తంభం మేకుకు తగిలించేవారు. తాడును కవ్వానికే బిర్రుగా బిగించి మూలన పడేసిన ఇల్లు నేనైతే చూడలేదు. బావి చేంతాడుకూ ఒక కొయ్య ఉండేది. అన్నిటికీ చోటు ఉంది, కరెంటు వైరుకే లేదు.

చోటు లేకపోతే ఏమవుతుందో చూద్దాం. వైరు పైకి ఒక్కటిగా కనిపిస్తుంది కానీ లోపల అంతా సన్నని రాగి పోగులు. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే ఒక్కో కోర్‌లో 24 పోగులు, ఒక్కో పోగు మందం 0.2 మిల్లీమీటరు. మెత్తగా వంగాలనే అలా పోగులుగా చేస్తారు. కానీ ఒకే చోట, ఒకే వైపు, రోజూ మడిస్తే ఆ పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ఆ ఒకే చోటు ఏదంటే వైరు మిషిన్ లోపలికి పోయే మెడ. దాన్ని కాపాడ్డానికి అక్కడ రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది, మన మెకానిక్ బుష్ అంటాడు. మనం ఏం చేస్తాం? మెడ దగ్గరే తొంభై డిగ్రీలు విరిచి, పిడి చుట్టూ బిగించి చుట్టి, ప్లగ్గును ఆ చుట్ల కింద దూరుస్తాం. సగం పోగులు తెగినా మిషిన్ తిరుగుతూనే ఉంటుంది. మొత్తం కరెంటు మిగిలిన సగం పోగుల మీదే పోతుంది కాబట్టి ఆ చోటు వేడెక్కుతుంది. పై తొడుగు గట్టిపడి పగులుతుంది. పక్కనే నీళ్ళ చెయ్యి.

ఇంకో సంగతి ఉంది. చుట్టేటప్పుడు ఒక్కో చుట్టూ తిప్పి చుడతాం. తీసేటప్పుడు అంత ఓపిక ఉండదు, మొత్తం చుట్టను కొన వైపు నుంచి ఒక్కసారి లాగేస్తాం. ఒక్కో చుట్టుకు ఒక్కో మెలిక వైరులోనే మిగిలిపోతుంది. ఆరు నెలలకు ఆ వైరు పందికొక్కు తోకలాగా తనంతట తానే మెలి తిరిగి లేస్తుంది. ఆ మెలికంతా పోయి దాచుకునేది మళ్ళీ ఆ మెడలోనే.

మా వరుసకు వదిన ఒకామె ఉంది. డెబ్బై రెండేళ్ళు. కొడుకు బెంగళూరులో, ఆమె ఇక్కడ ఒంటరిగా. పోయిన వానాకాలంలో తడిచేత్తో బ్లెండర్ పట్టుకొని స్విచ్ వేసింది. మెడ దగ్గర చిటపట అని మెరిసి చెయ్యి జిల్లుమంది. పిడి మీద చెయ్యి కాస్త కింద ఉండబట్టి, ఇంట్లో కొడుకు పెట్టించిన ఆర్‌సీసీబీ ఉండబట్టి బతికింది. సర్వీసు సెంటరుకు తీసుకుపోతే అక్కడి అబ్బాయి వైరు చూసి "గట్టిగా చుట్టి మీరే పాడు చేశారు, ఇది వారంటీలో రాదు" అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాడు. నిజమే, వస్తువు చుట్టూ వైరు బిగించి చుట్టవద్దని ఒక లైను ఉంది. అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. వదిన అడిగిన ప్రశ్న మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. "చుట్టొద్దంటే సరే నాయనా, మరి ఎక్కడ పెట్టాలి? అది చెప్పలేదే" అంది. ఆ అబ్బాయి తల వంచుకున్నాడు, పాపం వాడేం చేస్తాడు.

నా వాదం అంతా వదిన అడిగిన ఆ ఒక్క మాటే. చోటు ఇవ్వకుండా వస్తువు అమ్మి, చోటు లేక చుట్టినవాళ్ళ మీద తప్పు వెయ్యడం న్యాయం కాదు. డిజైన్‌లో పడిన లోటును వాడేవాళ్ళ అలవాటు కింద రాసేస్తున్నారు.

ఐఎస్‌ఐ ముద్ర ఉంది కదా అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. ముద్ర తప్పక చూడాలి, ముద్ర లేనిది కొనకూడదు. కానీ ఆ ముద్ర వెనక ఏముందో కూడా తెలుసుకోవాలి. ఇంటి సామాన్ల భద్రతకు మన ప్రమాణం ఐఎస్ 302. అది అంతర్జాతీయంగా ఉన్న ఐఈసీ 60335ను అనుసరించి రాసింది. అందులో వైరును 25 సార్లు లాగి చూసే పరీక్ష ఉంది. చేతిలో కదిలే వస్తువులకైతే మెడను వేల సార్లు అటూ ఇటూ వంచి చూసే పరీక్ష ఉంది. వైరు చుట్టుకునే కొక్కేలు ఉంటే అవి నున్నగా, అంచులు గుండ్రంగా ఉండాలని కూడా ఉంది. గమనించండి, ఉంటే నున్నగా ఉండాలి. ఉండి తీరాలని మాత్రం లేదు. రైల్వే స్టోర్స్‌లో గుమాస్తాగా ఏళ్ళ తరబడి టెండర్ కాగితాలు తిప్పినవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు వెంటనే కళ్ళకు కడుతుంది. స్పెసిఫికేషన్‌లో రాయనిదాన్ని ఏ సరఫరాదారూ తనంతట తాను ఇవ్వడు. అడగనిది రాదు.

ఇస్త్రీ పెట్టె కథ ఇంకొక రకం. అక్కడ శత్రువు మడత కాదు, వేడి. మూడు చుక్కల గుర్తు దగ్గర, అంటే నూలు బట్టకు పెట్టే చోట, అడుగు రేకు 200 డిగ్రీల దాకా పోతుంది. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీలకు చేసింది. అందుకే ఇస్త్రీ పెట్టెకు నూలు అల్లిక ఉన్న వైరు వేస్తారు. అది వెంటనే కరిగిపోదు కానీ దానికీ ఒక హద్దు ఉంది. దీన్ని చేసినవాళ్ళు ఇస్త్రీ బల్ల ముందు నిలబడిన మనిషిని ఊహించుకొని చేశారు. మన ఇళ్ళల్లో బల్ల ఎక్కడుంది? మంచం మీదో, నేల మీదో దుప్పటి మడిచి వేసుకొని చేస్తాం. స్విచ్ బోర్డు గోడ మీద నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. వైరు అక్కడి నుంచి వేలాడి, బట్ట మీదుగా వచ్చి, కాలే పెట్టెను రాసుకుంటూ పోతుంది. మన కుట్టు క్లాసులో ఐదింటికి తాళం వేస్తారు. పెట్టె చల్లారేదాకా ఎవరు ఆగుతారు? వేడి పెట్టె చుట్టూ వైరు చుట్టి బీరువాలో తోసేస్తారు. పిల్లలను తిట్టి లాభం లేదు. పెట్టె నిలబెట్టే మడమ వైపు, రేకుకు దూరంగా, చుట్టుకునే గాడి ఉన్నదే కొనాలి. అంతకంటే మంచిది క్లాసు గోడకు జానెడు దూరంలో రెండు చెక్క మేకులు కొట్టి, వైరును వదులుగా వాటికి తగిలించి, పెట్టెను కింద రాతి పలక మీద నిలబెట్టడం. మేకుల ఖర్చు నేను ఇస్తాను.

బ్లెండర్‌కు తిరిగి వస్తాను. మంచి చోటు ఎలా ఉండాలంటారా? దుకాణాలన్నీ తిరిగి చూశాను, దొరికేవాటిలో అన్నిటికంటే తెలివైనది ఎలక్ట్రిక్ కెటిల్ అడుగు. దాని పీట తిరగేస్తే వైరు చుట్టుకునే గాడి ఉంటుంది, చివర వైరు బయటికి రావడానికి ఒక గంటు. కావలసినంత వదిలి మిగతాది లోపల చుట్టుకోవచ్చు. కొంచెం ప్లాస్టిక్, అంతే. కెటిల్‌కు చేతనైంది బ్లెండర్‌కు ఎందుకు చేతకాదు? చేతిలో పట్టుకునేదానికి పీట లేదు, అదే చిక్కు. కాబట్టి పీట ఇవ్వాలి. బ్లెండర్‌తో వచ్చే పొడుగాటి గ్లాసుకు ఒక మూత, ఆ మూత మీద బ్లెండర్ నిలబడే గుంట, పక్కన రెండు చెవులు. వైరును ఆ రెండు చెవుల చుట్టూ గుండ్రంగా కాకుండా 8 అంకె లాగా వెయ్యాలి. మన ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు, రెండు చుక్కల మెలికల ముగ్గే అది. 8 లాగా వేస్తే ఒక చుట్టులో పడిన మెలిక పక్క చుట్టులో విడిపోతుంది. మొత్తం ఒక్కసారి లాగినా వైరు చదునుగా వస్తుంది. పెళ్ళిళ్ళకు వచ్చే సౌండ్ సర్వీసు కుర్రాళ్ళను చూడండి, మైకు వైరును మోచేతికి చుట్టరు. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వేసి పెడతారు. కాలేజీలో ఎవరూ చెప్పకపోయినా వాళ్ళకు ఈ సూత్రం తెలుసు.

మెడ దగ్గర మొదటి చుట్టుకు ముందు బెత్తెడు వైరు వదులుగా ఉండాలి. ప్లగ్గు వేలాడకుండా ఒక గంటు కావాలి, కొన్ని కంపెనీల ప్లగ్గుకే వైరును పట్టుకునే చిన్న కొక్కి ఉంటుంది, అది చానా మంచిది. అన్నిటికంటే ముఖ్యం, కీళ్ళనొప్పులున్న వేళ్ళతో, కళ్ళద్దాలు లేకుండా, ఒక చేత్తో చెయ్యగలగాలి. కొత్తగా కొన్నప్పుడు వైరుకు కట్టి వచ్చే నల్లటి తీగముక్కను డెబ్బై ఏళ్ళ మనిషిని విప్పి మళ్ళీ కట్టమనండి చూద్దాం. రబ్బరు బ్యాండు తమ్ముడికి కూడా ఇదే జవాబు. మన ఎండలకు అది రెండు నెలల్లో జిగురై వైరుకే అతుక్కుంటుంది.

వాక్యూమ్ క్లీనర్ లాగా బటన్ నొక్కితే వైరు సర్రున లోపలికి పోయే స్ప్రింగు చక్రం పెట్టొచ్చు కదా అని ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడుగుతారు. నేనడిగితే వద్దంటాను. చేతిలో మోసేదానికి బరువు పెరుగుతుంది. స్ప్రింగు పోతే మొత్తం పోయినట్టే. పైగా చుట్టలో ఉన్న వైరు తన వేడిని బయటికి వదల్లేదు. అందుకే అలాంటి చక్రాలున్న సామాన్లకు మూడో వంతు వైరు మాత్రమే బయటికి లాగి వేడి చూడాలని, 6,000 సార్లు లాగి వదిలి చూడాలని ప్రమాణంలో వేరే పరీక్షలు పెట్టారు. ఇస్త్రీ పెట్టెకు, హెయిర్ డ్రయ్యర్‌కు అయితే అసలే వద్దు. 250 వాట్ల బ్లెండర్ ఒక ఆంపియర్ చిల్లర తీసుకుంటే 1,000 వాట్ల పెట్టె నాలుగుకు పైన తీసుకుంటుంది. ఆంపియర్లు నాలుగింతలైతే వైరులో వేడి పదహారింతలు.

ఊడదీసే వైరు ఇంకొక దారి. పాత టేపు రికార్డరుకు 8 ఆకారంలో రెండు రంధ్రాల వైరు ఉండేది, గుర్తుందా? ఊడదీసి సొరుగులో పెట్టేవాళ్ళం. పాడైతే ఏ కొట్లోనైనా కొత్తది దొరికేది. ఇప్పుడు బ్లెండర్ వైరు తెగితే కంపెనీ మనిషే మార్చాలని రాస్తారు. ఊడే వైరు ఉంటే వదిన అంత దూరం ఆటోలో పోనవసరం లేదు. కానీ దీన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకోలేను. మిషిన్ ఊడదీసి, స్విచ్ ఆపడం మరిచి, వైరు కొనను తడి వంటబండ మీద వదిలేసేవాళ్ళు ఉంటారు. అలాగే వెనకటి ఇస్త్రీ పెట్టెలకు గుండు పిన్నుల మీద దూర్చే పింగాణీ ప్లగ్గు ఉండేది, వదులైతే నిప్పురవ్వలు రాలేవి. అది చూసినవాళ్ళు మన సంఘంలో ఇంకా ఉన్నారు.

అసలు వైరే లేకపోతే? ఆ ఆలోచనకు మన కోయంబత్తూరులో పెద్ద చరిత్రే ఉంది. జి.డి. నాయుడుగారు (1893–1974) రసంత్ అనే రేజరు చేశారు. చిన్న మోటారు, టార్చిలైటుకు వేసేలాంటి సెల్లు, గోడకు తగిలించే వైరు లేదు. 1937లో దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసిన ఊరు మనది, అందులోనూ ఆయన చెయ్యి ఉంది. ఆయన గురించి మన సభల్లో మాట్లాడేటప్పుడు బిరుదులు చదివి చప్పట్లు కొట్టి కూర్చుంటాం. ఆయన చేసిన పని ఏమిటంటే, గడ్డం గీసుకునే మనిషికి ఏది అడ్డమో చూసి దాన్ని తీసెయ్యడం. ఇప్పుడు బ్యాటరీ బ్లెండర్లు కూడా వచ్చాయి. ధర ఎక్కువ, కొన్నేళ్ళకు బ్యాటరీ చస్తుంది, దాని చార్జరుకు మళ్ళీ ఒక వైరు ఉంటుంది, ఆ వైరుకూ చోటు ఉండదు. కాబట్టి మన బడ్జెట్‌కు అది ఈ ఏడాది వద్దు.

పెద్ద కంపెనీలు మన మాట వింటాయా అని అనుమానం అక్కర్లేదు. విదేశీ మిక్సీలు మన పచ్చళ్ళకు, పప్పులకు తట్టుకోలేవని చూసి, సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు 1960లలో మన వంటకు తగిన మోటారుతో సుమీత్ మిక్సీ చేశాడు. ఆ తరువాత అందరూ అదే దారి పట్టారు. మన ఊరి గ్రైండరు సంగతి చెప్పనక్కర్లేదు. 2011 తరువాత తమిళనాడులో ప్రభుత్వమే రేషన్ కార్డుకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చింది. అప్పటిదాకా ఒక బల్బు, ఒక రేడియో ఉన్న ఇంట్లో కూడా ఇప్పుడు వంటగట్టు మీద మూడు నాలుగు వైర్లు. వైర్లు పెరిగాయి, గట్టు పెరగలేదు. మోటారు మీద ఇంత బుర్ర పెట్టిన ఊరు, ఆ మోటారుకు తోకగా వచ్చే గజమున్నర వైరు మీద ఒక్క పూట బుర్ర పెట్టలేదా? మన సంఘంలోనే ప్లాస్టిక్ మోల్డింగు చేసేవాళ్ళు ఉన్నారు, మోటారు వైండింగు వాళ్ళు ఉన్నారు. రెండు చెవుల మూత ఒకటి చేసి చూపించండి తమ్ముళ్ళూ. బహుమతి డబ్బాలో బ్లెండర్‌తో పాటు అది మన సంఘం పేరుతోనే ఇవ్వొచ్చు.

ధర పెరుగుతుందని కోశాధికారి అన్నయ్య అంటారని నాకు తెలుసు. పట్టికలో అన్నిటికంటే చవకది, మధ్యది, వీటి మధ్య తేడా ఒక శాలువా ఖర్చు కూడా కాదు. ఆ చవకదానికి వైరు మెడ దగ్గర రబ్బరు తొడుగు అంగుళం కూడా లేదు, గట్టిగా ఉంది, వంగదు. నేను కొట్లో పట్టుకొని చూశాను. దాన్ని ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు మన చేత్తో ఇవ్వడానికి నేను ఒప్పుకోను, ఈ మాట మినిట్స్‌లో రాయమని కూడా అడుగుతాను.

శనివారం సాయంత్రానికి మూడు శాంపిళ్ళూ ఆఫీసుకు తెప్పించండి. కమిటీలో మేము మగవాళ్ళం చూసి తలూపడం కాదు. డెబ్బై దాటిన అక్కలు, పిన్నమ్మలు ముగ్గురు నలుగురిని పిలిచి, టీ ఇచ్చి, చేతులు తడిపి, ఒక్కొక్కదానితో మజ్జిగ చిలికి, కడిగి, వైరు సర్ది అలమరలో పెట్టమనండి. ఎవరూ సలహా చెప్పకూడదు, పక్కన నిలబడి చూడాలి అంతే. మా వదిన వస్తానంది. మిగతావాళ్ళు ఎవరెవరు వస్తారో ఈ రాత లోపు కింద పేర్లు పెట్టండి, ఆటో నేను మాట్లాడతాను.